ఓనరుగారి గొడుగు గుర్తు

ఓనరుగారికి ఇప్పుడు తనదని చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఉంటున్న గది అక్కగారి మేడమీదిది, తొక్కే సైకిలు బావగారిది, ఒంటి మీది బూడిదరంగు చొక్కా హోటలువాళ్ళది. అయినా లోకం ఊరుకోదుగా, ఒకసారి నోటికి అలవాటైన పేరు అంత తొందరగా వదలదు. కిరాణా కొట్టాయన దగ్గర్నుంచి బస్సు కండక్టరు దాకా అందరూ "ఏం ఓనరుగారూ, బావున్నారా?" అనే పలకరిస్తారు. వెక్కిరించడానికి అంటున్నారా, మర్యాదకి అంటున్నారా అని మొదట్లో ఆయన వాళ్ళ మొహాల్లో వెతికేవాడు. వెక్కిరింత ఎక్కడా కనిపించేది కాదు. అదే ఇంకా బాధగా ఉండేది. వెక్కిరిస్తే కనీసం కోప్పడే వీలుండేది.

ఒకప్పుడు పెద్ద వీధి మలుపులో ఆయనకు లాండ్రీ షాపు ఉండేది. బోర్డు మీద ఏదో ఘనమైన పేరే రాయించాడు గానీ దాన్ని చదివిన పుణ్యాత్ముడు లేడు. అందరికీ అది గొడుగు లాండ్రీ. కారణం, బట్టలు కలిసిపోకుండా ఆయన వేసే గుర్తు. బట్ట కౌంటరు మీద పడగానే కాలరు వెనక్కి మడిచి, నల్లసిరా పెన్నుతో పైన ఒక చిన్న వంపు, కింద ఒక నిలువు గీత, గీత చివర కొక్కెం. అదే గొడుగు. పక్కన ఒక నంబరు. కళ్ళు మూసి తెరిచేలోగా అయిపోయేది. ఆ సిరా కూడా ఆయనే ఏవేవో కలిపి తయారుచేసుకునేవాడు. "బట్ట చిరగాలి గానీ నా గుర్తు పోదు" అని వచ్చినవాళ్ళందరి దగ్గరా కోతలు కోసేవాడు. వీధిలో ఎవరైనా ముందు నడుస్తుంటే వాళ్ళ మెడ వెనక తన గొడుగు ఉందో లేదో చూడాలని చేతులు దురద పెట్టేవి. ఊళ్ళో సగం మంది తన గుర్తు మోస్తూ తిరుగుతున్నారని లోలోపల మహా గర్వం.

ఆ గర్వమే కొంప ముంచింది. ఊళ్ళోకల్లా పెద్ద హోటలు తన దుప్పట్లూ తువ్వాళ్ళూ గొడుగు లాండ్రీకి ఇవ్వడం మొదలుపెట్టింది. ఆయన ఆ ఒక్క బేరాన్ని నమ్ముకుని బ్యాంకులో అప్పు తీసుకుని, గదంత మెషీను ఒకటి కొన్నాడు. కొన్నాళ్ళకి హోటలునుంచి కొనుగోళ్ళు చూసే పెద్దమనిషి వచ్చి, రేటు కాస్త తగ్గించమని అడిగాడు. అడిగింది మర్యాదగానే. కానీ అడిగింది పనివాళ్ళందరి ముందు. ఓనరుగారికి ఒళ్ళు మండింది.

"అంత బరువనిపిస్తే మీ దుప్పట్లు మీరే ఉతుక్కోండి!" అన్నాడు.

పనివాళ్ళు గొల్లున నవ్వారు. ఓనరుగారు ఆ ఊపులో అందరికీ టీలు తెప్పించాడు. ఆ మాట ఆయన ఇంటికెళ్ళి భార్యకు చెప్పాడు, బావగారికి చెప్పాడు, అడగనివాళ్ళకి కూడా చెప్పాడు. హోటలువాళ్ళు మాత్రం ఆ మాట మనసులో పెట్టుకున్నారు. ఏడాది తిరక్కుండానే సెల్లారులో సొంత లాండ్రీ కట్టుకుని, నిజంగానే వాళ్ళ దుప్పట్లు వాళ్ళే ఉతుక్కోవడం మొదలుపెట్టారు.

ఆ తర్వాత జరిగింది చెప్పుకోవడానికి ఆయనకే కాదు, నాకూ నోరు రాదు. మెషీను ఖాళీగా కూర్చుంది, బ్యాంకు ఖాళీగా కూర్చోలేదు. బ్యాంకువాళ్ళు వచ్చి మెషీను పట్టుకుపోతారన్న రోజు, పనివాళ్ళకంటే ముందే వెళ్ళి షాపు తెరిచి, లోపలికి దూరి షట్టరు దించుకున్నాడు. రావలసిన జీతాల గురించి పనివాళ్ళకు ఏం చెప్పాలో ఆలోచించుకుందామనే వెళ్ళాడు, పాపం. ఆలోచన తెమలకముందే వాళ్ళు వచ్చేశారు. ట్రాలీ చక్రాలు ఏళ్ళ తరబడి తొక్కడంతో గడప అరిగిపోయి, షట్టరు కింద కాస్త సందు ఉండేది. అందులోంచి వాళ్ళ కాళ్ళు కనిపించాయి. ఏ కాళ్ళు ఎవరివో ఆయనకు తెలుసు. ముందు నిలబడినవి నీలం చెప్పులు, ఒకదానికి పిన్నీసు. ఇస్త్రీ చేసే ఆవిడవి.

"ఓనరుగారూ!" అని తట్టింది ఆమె. కాసేపాగి మళ్ళీ పిలిచింది. మళ్ళీ.

ఆయన స్టూలు మీద కూర్చుని ఊపిరి బిగబట్టాడు. లేస్తే షట్టరు చేతికందేంత దూరం. లేవలేదు. చివరికి ఆమె గొంతే "లోపల ఎవరూ లేరు, పదండి" అని మిగతావాళ్ళకు చెప్పడం వినిపించింది. నీలం చెప్పులు వెనక్కి తిరిగాయి, వాటి వెంట తక్కినవన్నీ. ఆయన హమ్మయ్య అనుకున్నాడు.

ఆ హమ్మయ్యే తర్వాత ఆయన్ను తినేసింది. షాపు పోవడం కాదు. షాపులు పోతాయి, మనుషులు మళ్ళీ లేస్తారు. ఇన్నేళ్ళు తన దగ్గర చెమటోడ్చిన వాళ్ళు గుమ్మంలో నిలబడి పిలుస్తుంటే, దొంగలా లోపల కూర్చుని, వాళ్ళు వెళ్ళిపోతే సంతోషించాడే, అదీ. జీతాలు భార్య గొలుసు అమ్మి బావగారి చేత పంపించాడు. డబ్బు ముట్టింది, మొహం మాత్రం చూపించలేదు. ఆ రోజు తను ఊళ్ళో లేననీ, అప్పు కోసం పక్క ఊరు వెళ్ళాననీ భార్యతో కూడా అబద్ధమే చెప్పాడు.

తర్వాత రెండేళ్ళు ఆయన చెయ్యని పని లేదు. ఇన్సూరెన్సు పాలసీలు అమ్మబోయి, తెలిసినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళడానికి సిగ్గుపడి తెలియనివాళ్ళ ఇళ్ళకు వెళ్ళాడు. తెలియనివాళ్ళు ఎందుకు కొంటారు? మంచినీళ్ళ క్యాన్ల వ్యాపారంలో బావగారి స్నేహితుడితో వాటాకి దిగితే, క్యాన్లు మిగిలాయి గానీ స్నేహితుడు మిగల్లేదు. చెప్పుల షాపులో ఉద్యోగం అడిగితే "ఈ వయసులో వంగి లేవగలరా?" అన్నారు. యాభై దాటినవాడు వంగగలడని చూపించడానికి అక్కడే వంగి చూపించాడు కూడా. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఇటు ఇంట్లో చూస్తే, అక్క మంచిదే. బావగారూ చెడ్డవాడు కాదు. కానీ ఆయనకు చుట్టాలొస్తే "మా బావమరిది. ఓనరు" అని పరిచయం చేసే సరదా ఒకటుంది. మెట్లెక్కి పైకి వెళ్ళేటప్పుడు ఆ నవ్వులు వెనకాలే వచ్చేవి. ఓనరుగారి భార్య మందుల షాపులో కౌంటరు దగ్గర పనికి కుదిరింది. ఆవిడ నోరు పదునైందే గానీ ఆ విషయంలో ఒక్క మాట అనలేదు. "నాకు మేడలొద్దు. తాళంచెవి నా చేతిలో ఉండే గది ఒక్కటి చాలు" అనేది అప్పుడప్పుడు, ఎవరితోనో అన్నట్టు, గోడవంక చూస్తూ.

చివరికి బావగారే ఆ కబురు తెచ్చాడు. హోటలు లాండ్రీలో మనిషి కావాలట. మూడు నెలలు చూస్తారట, నచ్చితే పర్మనెంటు. ఏ హోటలో చెప్పేటప్పుడు బావగారు కూడా నవ్వలేదు. ఓనరుగారు రాత్రంతా దొర్లి, పొద్దున్నే వెళ్ళాడు. చేతిలో ఉన్న విద్య అదొక్కటే మరి.

సెల్లారు మెట్లు దిగి లాండ్రీ తలుపు తోసేసరికి ఎదురుగా రెండు కనిపించాయి. ఒకటి తన మెషీను. వేలంలో హోటలువాళ్ళే కొనుక్కున్నారు. మూత పక్కన తన షాపులో పడ్డ సొట్ట కూడా అలాగే ఉంది. రెండోది ఇస్త్రీ చేసే ఆవిడ. చెప్పులిప్పుడు నల్లవి, మంచివి. మెళ్ళో హోటలు కార్డు. అందరూ ఆవిణ్ణి మేడం అంటున్నారు. లాండ్రీ మొత్తానికి సూపర్‌వైజరు ఆవిడే.

ఓనరుగారికి తల తీసేసినట్టయింది. వెనక్కి తిరిగి మెట్లెక్కేద్దామా అనుకున్నాడు.

"రండి ఓనరుగారూ" అంది ఆవిడ. "చొక్కా అక్కడుంది. మార్చుకుని రండి."

అంతే. షట్టరు మాట గానీ, ఆ రోజు మాట గానీ ఎత్తలేదు. మర్నాడూ ఎత్తలేదు, ఆ నెలా ఎత్తలేదు. ఆవిడ అలా పిలిచేసరికి వారం తిరిగేలోగా లాండ్రీ అంతా ఆయన్ను ఓనరుగారనే పిలిచింది. ఓనరుగారూ, ఆ తువ్వాళ్ళ మూట ఇటు తోయండి. ఓనరుగారూ, నేల తుడవాలి.

ఆయనకొచ్చిన చిక్కల్లా, ఆవిణ్ణి ఏమని పిలవాలనేది. ఇదివరకు "ఇదిగో అమ్మాయ్, నువ్వు ఆ చొక్కాలు చూడు" అనేవాడు. ఇప్పుడు నువ్వు అనలేడు. మీరు అనబోతే నోరు తిరిగేది కాదు. అందుకని అటూ ఇటూ కాకుండా మాట్లాడ్డం నేర్చుకున్నాడు. "ఈ దుప్పట్లు ఎక్కడ పెట్టాలో..." అని గాలిలోకి అడిగేవాడు. ఆవిడ కూడా గాలికే జవాబు చెప్పేది.

అన్నిటికన్నా నరకం దుప్పట్లు మడవడం. పెద్ద దుప్పటి ఒక్కరివల్ల కాదు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి చెరో రెండు కొసలూ పట్టుకుని, బిగలాగి, ఒకరికొకరు ఎదురు నడిచి కొసలు కలపాలి. కలిపేటప్పుడు మొహాలు మూరెడు దూరంలోకి వస్తాయి. మనిషి తక్కువైన రోజున ఆవిడే వచ్చి అవతలి కొస పట్టుకునేది. ఆ సమయంలో ఆయన చూపు దుప్పటి కుట్టు మీదే ఉండేది. ఆ హోటలు దుప్పట్ల అంచు కుట్లు ఆయనకు తెలిసినంతగా కుట్టినవాడికి కూడా తెలియవు.

అయినా చేతులు పనిలో పడ్డాయి. రెండు నెలలు గడిచి మూడోది సగానికి వచ్చింది. భార్య వెనక వీధిలో ఒక గది చూసి పెట్టింది. కిటికీ ఒక్కటే గానీ కుళాయి లోపలే ఉందట. వచ్చే నెల దిగుతామని ఇంటాయనకు మాటిచ్చి కూడా వచ్చింది. ఇక పర్మనెంటు అన్న మాట ఒక్కటి రావాలి.

ఆ సమయంలోనే హోటల్లో ఏదో కంపెనీవాళ్ళ సమావేశం వచ్చి పడింది. అన్ని గదులూ నిండాయి. సెల్లారులోకి బట్టలు మూటలు మూటలుగా దిగుతున్నాయి. అతిథుల బట్టలకు గది నంబరుతో కాగితం ట్యాగులు కట్టడం అక్కడి పద్ధతి. ఆ పని చూసే పెద్దాయనకు చెవులు సరిగ్గా వినపడవు గానీ, నంబరు మాత్రం ఎన్నడూ తప్పలేదు. ఆ పొద్దున ట్యాగులు అయిపోయాయి. కొత్తవి వచ్చేదాకా గుడ్డపట్టీల మీద నంబరు రాసి పిన్నీసుతో గుచ్చమన్నారు. పెద్దాయన టీకి వెళుతూ, కాసేపు చూడమని ఓనరుగార్ని ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టాడు.

ఓనరుగారి జేబులో ఒక పెన్నుంది. షాపు పోయిన రోజు జేబులో ఉండిపోయిన పెన్ను. "ఇంకా దాన్నెందుకు మోస్తారు, జేబులన్నీ నల్ల మచ్చలు" అని భార్య విసుక్కుంటే "ఉండనీ" అనేవాడు. ఎందుకుండాలో ఆయనకే తెలియదు. ఎదురుగా కుప్పగా బట్టలు. పైన ఒకే అతిథివి తెల్లచొక్కాలు, మంచి ఖరీదైనవి. ఆయన చెయ్యి మొదటి చొక్కా కాలరు వెనక్కి మడిచింది.

ఆ కాసేపూ ఆయనకు ఎంత హాయిగా ఉందో చెప్పలేం. చేతులు దూదిలా తేలిపోయాయి. మెషీను పక్కనే గుర్రుమంటోంది, సబ్బు వాసన వస్తోంది, బట్ట తర్వాత బట్ట చేతికిందికి వస్తోంది. రెండేళ్ళలో సిగ్గు అనేది గుర్తుకు రాని సమయం ఏదైనా ఉంటే అదొక్కటే. పెద్దాయన తిరిగి రాగానే లేచి, ఈల వేసుకుంటూ ట్రాలీ తోసుకుపోయాడు. తను పట్టీల మీద రాయలేదన్న సంగతే ఆయనకు తెలియదు.

మధ్యాహ్నం హౌస్‌కీపింగ్ మేనేజరు సెల్లారులోకి దిగాడు. ముప్పై ఏళ్ళ కుర్రాడు, గొంతు పెంచడు. గొంతు పెంచనివాళ్ళంటేనే అక్కడ అందరికీ హడలు. చేతిలో తెల్లచొక్కా. కాలరు వెనక్కి మడిచి అందరికీ చూపించాడు. నల్లగా, నిగనిగలాడుతూ గొడుగు. పక్కన ఒకటి అని నంబరు.

"మొత్తం ఆరు చొక్కాలు ఇలాగే ఉన్నాయి. ఆ అతిథి సాయంత్రం స్టేజీ ఎక్కి మాట్లాడాలి. ఉతికించాను, రుద్దించాను, పోవడం లేదు. ఇది ఎవరి పని?"

పోదు. పోదని ఓనరుగారికన్నా బాగా ఎవరికి తెలుసు? ఆయనకు పైప్రాణాలు పైనే పోయాయి.

అందరి కళ్ళూ ట్యాగుల పెద్దాయన మీదికి తిరిగాయి. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని "ఏంటి? ఏమంటున్నారు?" అని ఒక్కొక్కరినీ అడుగుతున్నాడు. పాపం ఆయనకు ఇంకా విషయమే అర్థం కాలేదు.

మేడం ముందుకొచ్చి చొక్కా చేతిలోకి తీసుకుంది. గొడుగు వంక చూసింది. ఆ గుర్తున్న బట్టలు ఎన్ని వేలు ఇస్త్రీ చేసి ఉంటుందో ఆవిడ!

"నేనే సార్" అంది.

"మీరా?"

"ట్యాగులు లేవు కదా, గాభరాలో పాత అలవాటు వచ్చేసింది. నేను ఇదివరకు పనిచేసిన షాపులో ఈ గుర్తే వేసేవాళ్ళం."

మొదటి మాట తప్పితే మిగతాదంతా నిజమే. మేనేజరు చొక్కా వెనక్కి తీసుకున్నాడు. "మీ దగ్గర్నుంచి ఇది అనుకోలేదు మేడం. చొక్కాల ఖరీదు మీ జీతంలోంచి పోతుంది. ఇకమీదట లాండ్రీ మీ చేతిలో ఉంచాలా వద్దా అనేది పైవాళ్ళతో మాట్లాడాలి" అని మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

ఓనరుగారు నోరు తెరవాల్సింది అప్పుడే. ఆయనకు తెలుసు. మేనేజరు మొదటి మెట్టు మీదున్నప్పుడూ తెలుసు, చివరి మెట్టు మీదున్నప్పుడూ తెలుసు. భార్య చూసిన గది గుర్తొచ్చి ఆగిపోయానని తర్వాత తనకు తానే సర్దిచెప్పుకున్నాడు గానీ, అదంతా ఉత్తమాట. ఆ క్షణంలో గదీ లేదు, భార్యా లేదు. భయం ఒక్కటే ఉంది.

"ఓనరుగారూ, ఆ మూలనున్న ట్రాలీ ఖాళీ చెయ్యండి" అంది మేడం, రోజూ అనే గొంతుతోనే.

ఆయన వెళ్ళి ఖాళీ చేశాడు.

సాయంత్రం ఇంటికొచ్చి గోడకానుకుని కూర్చున్నాడు. భార్య రెండు మూడు సార్లు పలకరించి చూసింది. ఆయన మాట్లాడ్డం మానేసినప్పుడల్లా ఆవిడ అనే మాట ఒకటుంది. సరదాగానే అనేది.

"ఏంటి, షట్టరు దించేశారా?"

ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

పొద్దున్న లేవలేదు. జ్వరమన్నాడు. భార్య నుదురు మీద చెయ్యి పెట్టి చూసింది. "మందుల షాపులో ఇన్నాళ్ళుగా ఉన్నాను, ఇంత చల్లటి జ్వరం ఎప్పుడూ చూడలేదు" అంది. ఇంకేమైనా చెబుతాడేమోనని కాసేపు నిలబడింది. ఆయన దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు. ఆవిడ తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది. ఆవిడ మెట్లు దిగిన చప్పుడు అయ్యాక ఆయన లేచి గడియ పెట్టుకున్నాడు. ఇక హోటలుకి వెళ్ళకపోతే సరి, వాళ్ళే ఇంకొకణ్ణి చూసుకుంటారు అనుకున్నాడు. మేడం సంగతి ఆవిడ చూసుకుంటుంది. నేను అడిగానా ఆవిణ్ణి, మీద వేసుకోమని?

ఇలా తనలో తను వాదించుకుంటుండగా మెట్ల మీద చప్పుడైంది. అక్క. ఆవిడ మోకాళ్ళ నొప్పులతో మేడెక్కడం మానేసి ఏడాది దాటింది. ఒక్కో మెట్టుకీ ఆగి, ఆయాసపడుతూ ఎక్కింది. భార్య వెళ్తూ వెళ్తూ చెప్పి ఉంటుంది.

"తమ్ముడూ!" అని తట్టింది. "జ్వరమట కదరా. వేడి పాలు తెచ్చాను. తలుపు తియ్యి."

ఆయన మంచం అంచున కూర్చుని ఊపిరి బిగబట్టాడు.

"తమ్ముడూ!"

తలుపు కింద సందులోంచి అక్క కాళ్ళు కనిపిస్తున్నాయి. వాచిన మడమలు. తను ఎలా కూర్చున్నాడో ఆయనకు అప్పుడు తెలిసింది. మోకాళ్ళ మీద చేతులు, ముందుకు వంగిన వీపు, మూసిన నోరు. సరిగ్గా ఆ స్టూలు మీద కూర్చున్నట్టే. అక్క ఇంకోసారి పిలిచి, "నిద్రపోయినట్టున్నాడు" అని తనలో తను అనుకుంటూ వెనక్కి తిరిగింది. ఒక మెట్టు దిగింది. అమ్మా అని మూలిగింది. ఇంకో మెట్టు.

ఆయన ఒక్క ఉదుటున లేచి గడియ తీశాడు.

"అక్కా! ఉన్నానే, లోపలే ఉన్నాను."

"ఉన్నవాడివి పలకవేంరా? నీక్కూడా మా ఆయన రోగం వచ్చిందా, పిలిస్తే వినపడకపోవడం?" అని తిట్టింది అక్క. మెట్ల మధ్యలోనే నిలబడి పాలగ్లాసు చేతికిచ్చింది. ఆయన అక్కడే మెట్టు మీద కూర్చుని ఏడ్చాడు. అక్క కంగారుపడి, జ్వరం ఎక్కువైందనుకుని, డాక్టరు దగ్గరికి వెళ్దామంది. ఆయన తల అడ్డంగా ఊపి, పాలు తాగేసి, బూడిదరంగు చొక్కా వేసుకుని సైకిలెక్కాడు.

ఈసారి సెల్లారుకి కాదు, పైకి వెళ్ళాడు. మేనేజరు గదిలో కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. జేబులోంచి పెన్ను తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆ చొక్కాల మీద గుర్తు వేసింది నేను సార్. మేడం కాదు. ట్యాగుల పెద్దాయన కూడా కాదు."

మేనేజరు పెన్ను వంకా ఆయన వంకా చూశాడు. "మరి అది తను పనిచేసిన షాపు గుర్తని ఆవిడ అన్నారు?"

"నిజమే. ఆ షాపు..." బల్ల మీది పెన్ను వంక చూశాడు. "ఆ షాపు ఓనర్ని నేను. ఆవిడ నా దగ్గర ఇస్త్రీ చేసేది. చేసేవారు."

"ఓనరుగారూ అంటుంటే మీ ముద్దుపేరు అనుకున్నాను" అన్నాడు మేనేజరు. నవ్వలేదు. "నిన్నే ఎందుకు చెప్పలేదు?"

"భయం వేసింది సార్."

ఇంత ముసలాడు ఇంత చిన్నవాడి ముందు ఇంత చిన్న మాట చెప్పడానికి ఎంత కష్టపడ్డాడో ఆ చెవులు చూస్తే తెలిసేది. ఎర్రగా కాలిపోతున్నాయి. మేనేజరు చాలాసేపు బల్ల మీద వేళ్ళు ఆడించాడు. పంపించేసినా తప్పు కాదన్నాడు. ఓనరుగారు రెండు చేతులూ బల్ల అంచున ఆనించి, "ఉండనివ్వండి సార్" అన్నాడు. జీవితంలో ఆ మాట ఎవరినీ అడగలేదు. ఎవరైనా తనని అడిగితే మాత్రం రేపు రమ్మని పంపేసేవాడు.

చివరికి తేలిందేమిటంటే, చొక్కాల ఖరీదు ఆయన జీతంలోంచే నెలనెలా కోస్తారు. పర్మనెంటు మాట ఇప్పట్లో లేదు, మూడు నెలల పరీక్ష మళ్ళీ మొదట్నుంచి. మేడం మీద ఏ మచ్చా లేదు. పెన్ను మేనేజరు దగ్గరే ఉండిపోయింది. భార్య చూసిన గది వేరెవరికో పోతుంది. ఆ సంగతి, ఇంకో పాత అబద్ధం సంగతీ, సాయంత్రం ఆవిడకు చెప్పుకోవాలి. ఆయన సెల్లారు మెట్లు దిగాడు.

కింద మేడం ఒక్కతే దుప్పట్ల బల్ల దగ్గరుంది. మేనేజరు ఫోను అప్పటికే వచ్చినట్టుంది.

"పైకి వెళ్ళొచ్చారట" అంది.

"వెళ్ళాను."

"ఇవాళ రారేమో అనుకున్నా."

"నేనూ అదే అనుకున్నా."

ఆవిడ ఒక దుప్పటి విదిలించి రెండు కొసలు ఆయన వైపు చాపింది. ఆయన అందుకున్నాడు. ఇద్దరూ వెనక్కి జరిగి బిగలాగారు. చూపు మామూలుగానే కుట్టు మీదికి పోయింది.

"మీరెందుకు మీద వేసుకున్నారు?" అన్నాడు. ఆవిణ్ణి మీరు అనడం అదే మొదటిసారి.

"అలవాటు" అంది ఆవిడ. దుప్పటి సగానికి మడిచింది. "ఆ రోజు షాపు ముందు కూడా అంతే కదా."

ఆయన చేతులు ఆగిపోయాయి.

"షట్టరు కింద సందుంటుంది చూడండి, అందులోంచి మీ కాళ్ళు కనిపించాయి ఓనరుగారూ. స్టూలు దగ్గర, గోధుమరంగు చెప్పులు. ఎడమకాలు వణుకుతోంది. వెనక ఉన్నవాళ్ళు కూడా వంగి చూస్తారేమోనని, లోపల ఎవరూ లేరు, పదండి అని నేనే తీసుకుపోయాను."

ఆయన వాళ్ళ కాళ్ళు చూశాడు. చెప్పులు చూసి ఎవరెవరో గుర్తుపట్టాడు కూడా. అటునుంచి తనవీ కనిపిస్తాయని రెండేళ్ళలో ఒక్కసారైనా తట్టలేదు. చేతిలోంచి కొసలు జారి దుప్పటి నేలమీద పడింది.

"తెలిసీ..." అన్నాడు. "ఉన్నానని తెలిసీ అన్నిసార్లు పిలిచారా?"

"తెలిసింది కాబట్టే పిలిచాను. లేచి తీస్తారేమోనని."

"తియ్యాల్సింది" అన్నాడు ఆయన.

"తియ్యాల్సింది" అంది ఆవిడ కూడా. ఓదార్చలేదు. పోనీలెండి అనలేదు. "కొసలు ఎత్తండి. నేలకి తగులుతోంది" అంది.

ఆయన వంగి కొసలు ఎత్తాడు. మొహం సిగ్గుతో మండిపోతోంది. అయినా ఈసారి కుట్టు వంక చూడలేదు. ఆవిడ మొహం వంకే చూస్తూ ఎదురు నడిచి, కొసలు కలిపాడు.